“యూస్ట్ టు” ఎక్కడ, ఎలా వాడాలి: తెలుగు వాక్యంతో మొదలుపెట్టి నేర్చుకునే పద్ధతి

పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో ఏడాదిగా రాత్రి డ్యూటీ చేస్తున్న కుర్రాడు ఇంకో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాడనుకుందాం. నైట్ షిఫ్ట్ చెయ్యగలవా అని అడిగారు. ‘నాకు అలవాటే సార్’ అని చెప్పాలన్నది అతని ఉద్దేశం. నోటి నుంచి వచ్చింది మాత్రం “ఐ యూస్ట్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్”. విన్నవాళ్ళకు వేరే అర్థం అందింది: ఒకప్పుడు చేసేవాడు, ఇప్పుడు చెయ్యడం లేదు. అతను అనాల్సింది “ఐ యామ్ యూస్ట్ టు వర్కింగ్ నైట్ షిఫ్ట్స్”. ముందు ఒక ‘యామ్’, వెనక ఒక ‘ఇంగ్’ చేరితే చాలు, మాట ‘చేసేవాణ్ణి’ నుంచి ‘అలవాటే’కి మారిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు ఈ జంట మాట దగ్గర ఎంత టెన్షన్ పడతారో చూస్తూనే ఉంటాను. వాళ్ళకు తెలివి తక్కువై కాదు. చాలా గ్రామర్ పుస్తకాలు దీన్ని వేర్వేరు చోట్ల వేర్వేరు పేర్లతో చెప్తాయి, అన్నీ పక్కపక్కన పెట్టి చూపించేవి తక్కువ. నా నమ్మకం ఏమిటంటే, ఆ పేర్లేవీ బట్టీ పట్టనక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగు వాక్యాన్నే తీసుకుని, దాని చివర ఏముందో చూసి, అక్కడి నుంచి ఇంగ్లిష్‌కి వెళ్ళాలి. కింద అదే వరసలో చెప్తాను. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, మీ ఇంటి సంగతులతో సొంతంగా రెండు వాక్యాలు చెప్పుకున్నాకే తర్వాతి దానికి వెళ్ళండి.

మొదటి మెట్టు: నోరు తిరగాలి

రాసేటప్పుడు యు, ఎస్, ఇ, డి, ఆ తర్వాత విడిగా టి, ఓ. పలికేటప్పుడు మాత్రం ‘డి’ అణిగిపోయి రెండు మాటలూ కలిసిపోతాయి: యూస్టు. మధ్యలో ఉన్నది ‘స’ శబ్దమే. ‘వాడాను’ అనే అర్థంలో వచ్చే “యూజ్డ్”లో మాత్రం ‘జ’ శబ్దం గట్టిగా వినిపిస్తుంది. స్పెల్లింగ్ ఒకటే, శబ్దాలు రెండు. అందుకే ఈ వ్యాసంలో ‘చేసేవాణ్ణి’, ‘అలవాటే’ అనే అర్థాలు వచ్చిన చోటల్లా “యూస్ట్ టు” అనీ, ‘వాడతారు’ అనే అర్థం వచ్చిన చోట “యూజ్డ్ టు” అనీ రాస్తున్నాను. బయటికి చదవండి. చెవికి తేడా పట్టుబడితే చివరి మెట్లు చాలా తేలికవుతాయి.

రెండో మెట్టు: ‘వెళ్ళేవాణ్ణి’ని పట్టుకోండి

వెళ్ళేవాణ్ణి, తినేదాన్ని, ఆడుకునేవాళ్ళం, ఉండేది. మన వైపు మాటల్లో ‘ఎల్లేవోళ్ళం’ అన్నా అదే. ఒకప్పుడు మళ్ళీమళ్ళీ జరిగి ఇప్పుడు జరగని పనికి, ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని స్థితికి తెలుగులో ఈ రూపం ఉంది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసేది “యూస్ట్ టు”. దాని వెనక క్రియ మూల రూపంలోనే రావాలి: గో, లివ్, ఈట్, బి. ‘వెంట్’ రాదు, ‘గోయింగ్’ రాదు. కర్త ఎవరైనా మార్పు ఉండదు. ఐ, హి, షి, దే, అందరికీ ఒకటే.

‘మేం చిన్నప్పుడు నాగావళిలో ఈత కొట్టేవాళ్ళం.’ “వి యూస్ట్ టు స్విమ్ ఇన్ ది నాగావళి.”

‘అమ్మమ్మ మాకు కథలు చెప్పేది.’ “మై గ్రాండ్‌మదర్ యూస్ట్ టు టెల్ అస్ స్టోరీస్.”

‘ఈ సందు చివర ఒక సినిమా హాలు ఉండేది.’ “దేర్ యూస్ట్ టు బి ఎ సినిమా హాల్ ఎట్ ది ఎండ్ ఆఫ్ దిస్ లేన్.”

మూడోది బాగా గుర్తుపెట్టుకోండి. ‘ఇక్కడ ఫలానాది ఉండేది’ అన్న చోటల్లా “దేర్ యూస్ట్ టు బి” దాదాపు కన్నుమూసుకుని వాడొచ్చు. ఊరి గురించి మాట్లాడటం మొదలుపెడితే ఇది ప్రతి రెండో వాక్యంలో అవసరపడుతుంది. 2018 అక్టోబర్‌లో తితిలీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. అక్కడి రైతు తన పెరడు చూపిస్తూ చెప్పే మాట “దేర్ యూస్ట్ టు బి కోకోనట్ ట్రీస్ హియర్”. తుఫాను మాత్రం ఒక్కసారి వచ్చి పోయింది కాబట్టి దానికి మామూలు గతకాలమే: “ది సైక్లోన్ డిస్ట్రాయ్డ్ దెమ్.” ఒకే సంగతిలో రెండు రూపాలూ పక్కపక్కన ఎలా పనిచేస్తాయో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

జిల్లాల సంగతి దీనికి ఇంకా మంచి అభ్యాసం. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. అంతకుముందు విజయనగరం పట్నం విశాఖపట్నం జిల్లాలో ఉండేది: “విజయనగరం యూస్ట్ టు బి ఇన్ విశాఖపట్నం డిస్ట్రిక్ట్.” 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్ళీ విడిపోయినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. “రాజాం యూస్ట్ టు బి ఇన్ శ్రీకాకుళం డిస్ట్రిక్ట్, బట్ నౌ ఇట్ ఈజ్ ఇన్ విజయనగరం డిస్ట్రిక్ట్.” ఆ “బట్ నౌ” భాగం చెప్పకపోయినా “యూస్ట్ టు”లోనే అది దాగి ఉంటుంది. కొత్తల్లో మాత్రం దాన్ని కూడా పైకి చెప్పడం అలవాటు చేసుకోండి. వాక్యం సరైందో కాదో మీకే తెలిసిపోతుంది.

మూడో మెట్టు: వాడే ముందు మూడు ప్రశ్నలు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి నిదానంగా చూద్దాం.

మొదటి ప్రశ్న: ఆ పని ఆగిపోయిందా? పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ఒక స్నేహితుడికి ఈ సంగతి చెప్తూ “సిరిమానోత్సవం యూస్ట్ టు హాపెన్ ఆఫ్టర్ దసరా” అంటే, ఇప్పుడు జరగడం లేదని అతనికి అర్థమవుతుంది. ఇప్పటికీ జరుగుతోంది కాబట్టి “సిరిమానోత్సవం హాపెన్స్ ఆఫ్టర్ దసరా” అనాలి. మనవాళ్ళు చేసే తప్పుల్లో ఇదే ఎక్కువ. ‘నేను రోజూ ఐదింటికి లేస్తాను’ అనడానికి “ఐ యూజ్ టు గెటప్ ఎట్ ఫైవ్” అంటారు. వర్తమానంలో అలవాటుకు ఆ రూపం లేనే లేదు. “ఐ గెటప్ ఎట్ ఫైవ్” అంటే సరిపోతుంది. ‘సాధారణంగా’ అని చేర్చాలంటే “ఐ యూజువల్లీ గెటప్ ఎట్ ఫైవ్”.

ఈ ప్రశ్న అడిగినప్పుడు వాక్యంలో ఏ ముక్క ఆగిపోయిందో కూడా చూడాలి. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా గుణుపురం దాకా ఒకప్పుడు నేరోగేజ్ (ఇరుకు పట్టాల) బండి నడిచేది. 1900లో మొదలైన ఆ చిన్న బండి 2004లో ఆగింది, తర్వాత లైను బ్రాడ్‌గేజ్‌గా మారింది. “ఎ ట్రైన్ యూస్ట్ టు రన్ ఫ్రమ్ నౌపడ టు గుణుపూర్” అంటే, అసలు రైలే లేదేమో అనుకుంటారు. రైళ్ళు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆగింది నేరోగేజ్ బండి. “ఎ నేరోగేజ్ ట్రైన్ యూస్ట్ టు రన్” అంటేనే నిజం. ఒక్క విశేషణం పెట్టకపోతే వాక్యం అబద్ధమైపోతుంది.

రెండో ప్రశ్న: లెక్క ఉందా? ఎన్నిసార్లో, ఎంతకాలమో కచ్చితంగా చెప్పేస్తే “యూస్ట్ టు” వద్దు. ‘అరసవల్లి నాలుగుసార్లు వెళ్ళాను’ అంటే “ఐ వెంట్ టు అరసవల్లి ఫోర్ టైమ్స్”. ‘విజయనగరంలో మూడేళ్ళు చదివాను’ అంటే “ఐ స్టడీడ్ ఇన్ విజయనగరం ఫర్ త్రీ ఇయర్స్”. తెలుగు చూడండి, ఇక్కడ మనం కూడా ‘వెళ్ళాను’, ‘చదివాను’ అనే అంటాం, ‘వెళ్ళేవాణ్ణి’ అనం. తెలుగు చెవి చెప్పింది వింటే చాలు. ఇది మొత్తం లెక్కకే వర్తిస్తుంది. ‘వారానికి మూడుసార్లు వెళ్ళేవాణ్ణి’ అన్నప్పుడు అది పద్ధతి, మొత్తం కాదు. అందుకని “ఐ యూస్ట్ టు గో త్రీ టైమ్స్ ఎ వీక్” నిక్షేపంలా ఉంటుంది.

మూడో ప్రశ్న: ముందు ‘అయితే’, ‘చేసుంటే’ లాంటి షరతు ఉందా? దీన్ని ఇంగ్లిష్ పాఠాల్లో అంతగా చెప్పరు, మన తెలుగు రూపం వల్ల వచ్చే చిక్కు కాబట్టి. ‘నువ్వు ఫోన్ చేసుంటే ఆమదాలవలస స్టేషన్‌కి వచ్చేవాణ్ణి.’ రూపం అదే ‘వచ్చేవాణ్ణి’, కానీ ఒక్కసారి కూడా రాలేదు, అలవాటు అంతకన్నా లేదు. జరగని పని ఇది. దీనికి “వుడ్ హావ్” కావాలి: “ఇఫ్ యు హాడ్ కాల్డ్ మి, ఐ వుడ్ హావ్ కమ్ టు ది స్టేషన్.” ఇక్కడ “ఐ యూస్ట్ టు కమ్” అంటే వాక్యానికి అర్థమే ఉండదు.

ఇదే రూపం ఇంకో వేషంలోనూ వస్తుంది. ‘రోజూ పాలు పోసేవాడు ఇవాళ రాలేదు’ అన్నప్పుడు ‘పోసేవాడు’ మనిషిని చెప్తోంది, గతాన్ని కాదు. “ది మ్యాన్ హూ బ్రింగ్స్ అవర్ మిల్క్ డిడింట్ కమ్ టుడే.” అంటే తెలుగులో ‘-ఏవాడు’ కనిపించగానే ఇంగ్లిష్‌లో “యూస్ట్ టు”కి పరుగెత్తకూడదు. ఒకప్పటి అలవాటా, జరగని పనా, మనిషా అని ఒక్క క్షణం చూసుకోవాలి.

నాలుగో మెట్టు: కాదు, లేదు, ఉండేదా?

‘మేం మాంసం తినేవాళ్ళం కాదు.’ “వి డిడింట్ యూస్ టు ఈట్ మీట్.” ‘డిడ్’ వచ్చాక గతాన్ని అదే మోస్తుంది కాబట్టి రాతలో చివరి ‘డి’ తీసేయాలి. పలకడంలో తేడా దాదాపు వినపడదు, అందుకే పరీక్ష పేపర్లో తప్పు జరిగేది ఇక్కడే. ప్రశ్నకూ అంతే: “డిడ్ యు యూస్ టు లివ్ ఇన్ పలాస?” మాట్లాడేటప్పుడు ‘కాదు’ అనడానికి ఇంకో తేలిక దారి “నెవర్”. “వి నెవర్ యూస్ట్ టు లాక్ అవర్ డోర్స్.” ‘మేం తలుపులకు తాళాలే వేసేవాళ్ళం కాదు.’ నోటికి ఇది చాలా హాయిగా వస్తుంది, ‘డి’ గొడవ కూడా లేదు.

ఐదో మెట్టు: ‘అలవాటే’

ఇప్పటిదాకా చూసింది ‘వెళ్ళేవాణ్ణి’ కుటుంబం. ఇక రెండో కుటుంబానికి వద్దాం. ముందు యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ లాంటిది ఉంటే అర్థం పూర్తిగా మారి ‘నాకు అలవాటే, కొత్త కాదు, ఇబ్బంది లేదు’ అవుతుంది. ఇక్కడ ‘టు’ వెనక నామవాచకం రావాలి, లేదా క్రియకు ‘ఇంగ్’ చేర్చి పెట్టాలి.

‘మాకు ఈ ఉక్కపోత అలవాటే.’ “వి ఆర్ యూస్ట్ టు దిస్ హ్యూమిడ్ వెదర్.”

‘ఆవిడకు ఒంటరిగా ప్రయాణం చెయ్యడం అలవాటే.’ “షి ఈజ్ యూస్ట్ టు ట్రావెలింగ్ అలోన్.”

‘వైజాగ్ వచ్చిన కొత్తలో నాకు ఆ హడావుడి అలవాటు లేదు.’ “వెన్ ఐ కేమ్ టు వైజాగ్, ఐ వాజంట్ యూస్ట్ టు ది నాయిజ్.”

మన తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళ్ళే మత్స్యకారులు వారాల తరబడి సముద్రం మీద ఉంటారు. “దే ఆర్ యూస్ట్ టు స్టేయింగ్ ఎట్ సీ ఫర్ వీక్స్.” ఇందులో ‘ఫర్ వీక్స్’ అని కాలం ఉంది కదా, రెండో ప్రశ్న ప్రకారం తప్పు కాదా అని అడగొచ్చు. కాదు. ఆ నియమం ‘వెళ్ళేవాణ్ణి’ కుటుంబానికే. ఇది ఇప్పటి సంగతి చెప్తోంది.

“ఐ యామ్ యూస్ట్ టు వర్క్ ఎట్ నైట్” తప్పు, “ఐ యామ్ యూస్ట్ టు హార్డ్ వర్క్” ఒప్పు. రెండోదాంట్లో ‘వర్క్’ నామవాచకం, కష్టపడటం అనే వస్తువు. మొదటిదాంట్లో క్రియ, దానికి ‘ఇంగ్’ కావాలి. అనుమానం వచ్చినప్పుడు ఆ చోట ‘ఇట్’ పెట్టి చూడండి. “ఐ యామ్ యూస్ట్ టు ఇట్” కుదురుతుంది కాబట్టి, ‘ఇట్’ కూర్చోగలిగిన కుర్చీలో ‘వర్కింగ్’ కూర్చుంటుంది, ఒట్టి క్రియ కూర్చోలేదు.

ఇంకో జాగ్రత్త. తెలుగులో ‘అలవాటు ఉంది’, ‘అలవాటే’ రెండూ ఒకటి కావు. ‘నాకు పొద్దున్నే టీ తాగే అలవాటు ఉంది’ అంటే రోజూ చేస్తానని. దానికి “ఐ డ్రింక్ టీ ఎవ్రీ మార్నింగ్” చాలు. “ఐ యామ్ యూస్ట్ టు డ్రింకింగ్ టీ” అంటే టీ తాగడం నాకు కొత్తేమీ కాదు అని. మొదట కొత్తగానో కష్టంగానో ఉండే వాటికే ఈ రూపం నప్పుతుంది: చలి, కారం, రద్దీ, రాత్రి డ్యూటీ, పైఅధికారి కోపం. “ఐ యామ్ హాబిచ్యుయేటెడ్” అని మన ఆఫీసుల్లో విరివిగా వినిపిస్తుంది. అర్థం అవుతుంది గానీ, మామూలు సంభాషణలో బరువుగా ఉంటుంది. “యూస్ట్ టు”నే వాడండి.

ఆరో మెట్టు: ‘అలవాటు పడటం’

అలవాటు అయ్యాక ‘బి’ (యామ్, ఈజ్, వాజ్ లాంటివన్నీ దీని రూపాలే), అలవాటు అవుతూ ఉంటే ‘గెట్’. వెనక నియమం పై మెట్టులోదే. దీనికి అన్ని కాలాలూ వస్తాయి.

‘మెల్లగా అలవాటు పడుతున్నాను’ అంటే “ఐ యామ్ గెటింగ్ యూస్ట్ టు ఇట్”. ‘అలవాటైపోయింది’ అంటే “ఐ హావ్ గాట్ యూస్ట్ టు ఇట్”. ‘ఎంతకీ అలవాటు పడలేకపోతున్నాను’ అంటే “ఐ కాంట్ గెట్ యూస్ట్ టు ఇట్”. హైదరాబాద్ హాస్టల్లో చేరిన కొత్తలో చెల్లెలు ఫోన్ చేసి తిండి నచ్చలేదని ఏడిస్తే, అక్క చెప్పే మాట ‘అలవాటు పడిపోతావులేవే’. ఇంగ్లిష్‌లో అదే ఓదార్పు “యు విల్ గెట్ యూస్ట్ టు ఇట్”. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళతో, కొత్త ఊరు వచ్చినవాళ్ళతో ఈ ఒక్క వాక్యం ఎన్నిసార్లు పనికొస్తుందో లెక్కలేదు. దీన్ని మొత్తంగా ఒక మాటలా నోటికి తెచ్చుకోండి.

ఏడో మెట్టు: ‘వాడతారు’

ఇది చుట్టం కాదు, పేరు కలిసిన పరాయివాడు. పొందూరు ఖద్దరు కోసం పత్తిని శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడను వాడతారు. “ది జాబోన్ ఆఫ్ ఎ ఫిష్ ఈజ్ యూజ్డ్ టు క్లీన్ ది కాటన్.” ముందు ‘ఈజ్’ ఉంది, వెనక ఒట్టి క్రియ ఉంది. ‘జ’ శబ్దం వినిపిస్తుంది. వస్తువు కర్తగా ఉండి, దేనికి వాడతారో చెప్పే వాక్యం.

బొబ్బిలి వీణ పక్కన పెట్టుకుంటే తేడా తేలిపోతుంది. పనస కర్రతో వీణ చేస్తారు: “జాక్‌ఫ్రూట్ వుడ్ ఈజ్ యూజ్డ్ టు మేక్ ది వీణ.” గొల్లపల్లి కళాకారులకు ఆ కర్రతో పనిచెయ్యడం అలవాటే: “ది ఆర్టిజన్స్ ఆర్ యూస్ట్ టు వర్కింగ్ విత్ జాక్‌ఫ్రూట్ వుడ్.” కర్ర వెనక ‘మేక్’, కళాకారుడి వెనక ‘వర్కింగ్’. ‘ఇంగ్’ పోయి “ది ఆర్టిజన్స్ ఆర్ యూజ్డ్ టు మేక్ ది వీణ” అయితే, వీణ చెయ్యడానికి మనుషుల్ని పనిముట్లలా వాడతారు అన్నట్టు వినిపిస్తుంది.

ఎనిమిదో మెట్టు: “వుడ్”తో చెయ్యి కలపడం

చిన్ననాటి కబుర్లు చెప్పేటప్పుడు ప్రతి వాక్యంలో “యూస్ట్ టు” వస్తే విసుగు పుడుతుంది. మొదటి వాక్యం దానితో మొదలుపెట్టి, తర్వాత “వుడ్”కి మారొచ్చు. “వి యూస్ట్ టు స్పెండ్ అవర్ సమ్మర్స్ ఇన్ బారువ. వి వుడ్ గెటప్ అర్లీ అండ్ రన్ టు ది బీచ్. మై అంకుల్ వుడ్ బై అస్ టెండర్ కోకోనట్స్.” అయితే “వుడ్” పనులకే పనికొస్తుంది, స్థితికి కాదు. ‘అక్కడ మాకు ఇల్లు ఉండేది’ అనడానికి “వి వుడ్ హావ్ ఎ హౌస్ దేర్” కుదరదు, “వి యూస్ట్ టు హావ్ ఎ హౌస్ దేర్” అనే అనాలి. ఉండటం, తెలియడం, ఇష్టం, నమ్మకం, ఇవన్నీ “యూస్ట్ టు”కే వదిలేయండి.

ఇప్పుడు మీ వంతు

జవాబులు చూడకుండా ముందు మీరే ఇంగ్లిష్‌లో చెప్పండి.

మా నాన్న బీడీలు కాల్చేవారు.
మాకు కారం అలవాటే.
అమ్మ చెప్పుంటే వెళ్ళేదాన్ని కాదు.
పోయినేడు రెండుసార్లు శ్రీకూర్మం వెళ్ళాం.
మీ ఇంట్లో ఆవు ఉండేదా?
అన్నయ్య ఇంకా ట్రాఫిక్‌కి అలవాటు పడలేదు.
నాకు కుక్కలంటే భయం ఉండేది.
తమ్ముడికి పొద్దున్నే లేవడం ఇష్టం ఉండేది కాదు, ఇప్పుడు అలవాటైపోయింది.

మొదటిది “మై ఫాదర్ యూస్ట్ టు స్మోక్ బీడీస్”. ఆయన మానేశారన్న సంగతి అందులోనే ఉంది. రెండోది “వి ఆర్ యూస్ట్ టు స్పైసీ ఫుడ్”. మూడోదాంట్లో షరతు ఉంది, ఒక్కసారి సంగతి: “ఇఫ్ మై మదర్ హాడ్ టోల్డ్ మి, ఐ వుడింట్ హావ్ గాన్.” నాలుగోదాంట్లో లెక్క ఉంది: “వి వెంట్ టు శ్రీకూర్మం ట్వైస్ లాస్ట్ ఇయర్.” ఐదోది “డిడ్ యు యూస్ టు హావ్ ఎ కౌ?”, రాసేటప్పుడు ‘డి’ లేకుండా. ఆరోది “మై బ్రదర్ హాజంట్ గాట్ యూస్ట్ టు ది ట్రాఫిక్ యెట్”.

ఏడోది “ఐ యూస్ట్ టు బి అఫ్రైడ్ ఆఫ్ డాగ్స్”. ఇందులో ‘బి’ కూడా ఉంది, “యూస్ట్ టు” కూడా ఉంది, అందుకే చాలామంది “ఐ వాజ్ యూస్ట్ టు అఫ్రైడ్” అనేస్తారు. ‘బి’ ముందు వస్తే అలవాటే, వెనక వస్తే ఉండేది. మీకు కావాల్సింది ‘భయం ఉండేది’ కాబట్టి వెనకే రావాలి.

ఎనిమిదోది రెండు కుటుంబాలూ కలిసిన వాక్యం: “మై బ్రదర్ డిడింట్ యూస్ టు లైక్ గెటింగ్ అప్ అర్లీ, బట్ నౌ హి ఈజ్ యూస్ట్ టు ఇట్.” చివర “హి హాజ్ గాట్ యూస్ట్ టు ఇట్” అన్నా సరే. ఇప్పుడు ఇబ్బంది లేదని చెప్పాలంటే మొదటిది, అలవాటు లేని స్థితి నుంచి మారాడని చెప్పాలంటే రెండోది.